గది దాటని మాట

మా స్కూల్లో నటన నేర్పే గదికి కిటికీల్లేవు. ఒకప్పుడు అదేదో గోడౌను. గోడల చుట్టూ నల్ల తెరలు కట్టి, నేల మీద చాపలు పరిచి, నడుమ ఒక స్టూలు వేసి, ఇక ఇదే కళానిలయం పొమ్మన్నారు. వాన పడితే ఆ తెరల్లోంచి పాత గోనెసంచుల వాసన వచ్చేది. చేరేటప్పుడు ఆఫీసులో చేతికిచ్చే రంగుల పుస్తకంలో మాత్రం ఆ గది రాజమహల్‌లా ఉంటుంది. సినిమాలకీ టీవీకీ మనుషుల్ని తయారుచేస్తామనే స్కూలు తన ఫొటో తను బాగా తీసుకోలేకపోతే ఎలా మరి.

వారానికొకసారి ఆ గదిలో జ్ఞాపకం క్లాసు జరిగేది. వంతు వచ్చినవాళ్లు స్టూలు మీద కూర్చుని, అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. ఏడుపొస్తే ఏడవాలి, రాకపోతే మాస్టారు రప్పిస్తారు. గొంతు ఎక్కడ పట్టుకుంది, చేతులు ఏం చేశాయి, కళ్లు ఎటు పోయాయి అన్నది మిగతావాళ్లు చూసి గుర్తుపెట్టుకోవాలి. రేపు కెమెరా ముందు అదే బయటికి తీయాలి. "మీ గాయమే మీ పెట్టుబడి," అనేవారు మాస్టారు. ఆయన పెట్టుబడి ఏమిటో ఎప్పుడూ చెప్పలేదు. అడిగే ధైర్యం మాకూ లేదు.

క్లాసుకి ముందు ఒక పద్ధతి ఉంది. అందరం వరసగా వెళ్లి నల్ల తెర అంచు పట్టుకుని, "గది దాటదు" అని ఒక్కొక్కరూ పైకి అనాలి. లోపల విన్నది లోపలే ఉంటుందని ఒట్టు. నటన నేర్చుకునేవాళ్లమే కాదు, నటుల్ని ఎలా దారికి తెచ్చుకోవాలో నేర్చుకోవడానికి దర్శకత్వం విద్యార్థులూ వచ్చి వెనక కూర్చునేవారు. వాళ్లూ తెర పట్టుకునేవారు, వాళ్లూ ఆ మాట అనేవారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మ పొద్దస్తమానం అంటుంది. ఆ మాట వింటూ పెరిగిన నేను, పోయి పోయి గోనెసంచుల వాసన వేసే తెరని నమ్మాను.

అక్కడ నన్ను రేడియో అనేవారు. మొదటి ఏడాదిలో మా అందరికీ కెమెరా పరీక్ష పెట్టినప్పుడు, మాస్టారు నా బొమ్మని తెర మీద తల వంచి ఒకసారి, ఎత్తి ఒకసారి చూశారు. "నీ గొంతుంది చూశావూ, బంగారం. మొహం సంగతి తర్వాత ఆలోచిద్దాం," అన్నారు. ఆ 'తర్వాత' అన్నది రెండేళ్లలో రాలేదు. వినపడుతుంది, కనపడదు కాబట్టి రేడియో అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడ నవ్వకపోతే నటన రాదనుకుంటారు.

రెండో ఏడాది చివర దర్శకత్వం వాళ్లు తలా ఒక చిన్న సినిమా తీయాలి. నటన వాళ్లలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక సినిమాలో ఉండాలి, పేరు పడాలి. లేకపోతే డిప్లొమా కాగితం ఇవ్వరు. ఆ సినిమాల ప్రదర్శనకి టీవీ కంపెనీల వాళ్లు వస్తారు. కావలసినవాళ్లని అక్కడే ఏరుకుంటారు. సంతలో పశువుల్ని చూసినట్టే చూస్తారు, పళ్లొక్కటే లెక్కపెట్టరు. నన్ను ఎవరూ తీసుకోలేదు. స్కూలు యూనిఫాంలు కుట్టి కుట్టి మా అమ్మ కళ్లు పోగొట్టుకుంటోంది, నేను పేరు లేకుండా ఇంటికెళ్లాలి. ఆ దిగులుతోనే తిరుగుతున్న రోజుల్లో నా జ్ఞాపకం వంతు వచ్చింది.

ఏదో చిన్న సంగతి చెప్పి తప్పించుకుందామని, బళ్లో పరీక్ష తప్పిన కథ మొదలుపెట్టాను. మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"ఇది పక్కింటావిడకి చెప్పుకునే కబురమ్మా. అడుగున ఉన్నది తియ్యి."

"అడుగున ఏం లేదండి."

"లేకపోతే నువ్విక్కడికి రావు," అన్నారు ఆయన, చాలా మెత్తగా. ఆ మెత్తదనం ముందు ఎవరూ నిలవలేరు. ఇంట్లో మమ్మల్ని ఎవరు అడిగారు అంత మెత్తగా? చెప్పాను.

నాన్న కరెంటు పని చేసేవాడు. తాగితే చెయ్యి లేచేది, తాగకపోతే నోరు లేచేది. పనికి పోని రోజుల్లో వెనకగదిలో పడుకుని అమ్మని పిలుస్తూ ఉండేవాడు. మంచినీళ్లకి ఒకసారి, ఫ్యాను తగ్గించడానికి ఒకసారి, తగ్గించినందుకు తిట్టడానికి ఒకసారి. ఆ మధ్యాహ్నం అమ్మ ముందుగదిలో కుట్టుమిషన్ మీద ఉంది. నన్ను మేడ మీద కూర్చుని చదువుకోమంది. నేను వెనక మెట్ల మీంచి చప్పుడు కాకుండా దిగి, చక్కెర డబ్బా కోసం వంటగదిలో దూరాను. అప్పుడు నాన్న పిలిచాడు. తలుపు సందులోంచి చూస్తే అమ్మ తల ఎత్తింది. అంటే వినపడింది. మళ్లీ తల వంచుకుంది. రెండోసారి పిలిచాడు. మూడోది పిలుపులా లేదు, ఏదో లాగుతున్నట్టుంది. అమ్మ కాలు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. ఆ అంచు చివరిదాకా కుట్టి, దారం పళ్లతో కొరికి, గౌను మడత పెట్టి, దొంతర మీద పెట్టి, అప్పుడు లేచింది. వెళ్లేసరికి నాన్న పోయాడు.

మిషన్ చప్పుడులో వినపడలేదని అమ్మ చుట్టాలందరికీ చెప్పింది. మేనత్త నన్ను దగ్గరికి లాక్కుని, "నీకూ వినపడలేదుటే?" అని అడిగింది. "నేను మేడ మీదున్నా అత్తా," అన్నాను. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో ఎంత బరువు దిగిందో నాకొక్కదానికే తెలుసు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ మధ్యాహ్నం మళ్లీ రాలేదు. నేను మేడ మీదే ఉన్నానని అమ్మ నమ్మింది. ఆ నమ్మకం మీదే అన్నం తింది, నిద్రపోయింది, నన్ను పెంచింది. అది పోతే అమ్మకి ఇంకేమీ లేదు.

స్టూలు మీద నేను ఏడవలేదు. గదిలో సగంమంది ఏడ్చారు. "చూశారా," అన్నారు మాస్టారు వాళ్ల వైపు తిరిగి, "తను ఏడవలేదు, అందుకే మనం ఏడ్చాం. ఆ చివర గొంతు ఎలా పొడిబారిందో గమనించండి." వాళ్లు గమనించారు. మా నాన్న చావు ఆ పూటకి పాఠమైంది.

క్లాసు అయ్యాక జేబులు నాకు టీ తెచ్చిచ్చాడు. దర్శకత్వం విద్యార్థి. ఒంటి నిండా జేబులున్న కోటు వేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. ఆ జేబుల్లో ఏముంటాయో అంతకుముందు ఆలోచించలేదు. "నువ్వు చాలా ధైర్యవంతురాలివి," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు నిజమే. ఇప్పటికీ నిజమే అనుకుంటాను. మనిషి నిజంగా ఏడుస్తూ కూడా దొంగతనం చెయ్యగలడు.

సినిమాకి ఒప్పుకున్న కథల్ని అదే నల్లగదిలో పైకి చదివేవారు. జేబులు తన కథ చదివాడు. పేరు పిండిమర. మరలో పనిచేసే తల్లి, మంచాన పడ్డ తండ్రి, పిలుపులు, ఆగని మర. చివర ఎదిగిన కూతురు తల్లి వెనక నిలబడి అంటుంది: "నేను మేడ మీద లేనమ్మా. వంటగదిలో ఉన్నాను. నాకు వినపడింది." చదవడం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. తెర పట్టుకుని ఒట్టు పెట్టినవాళ్లే. ఒక్కరు నా వైపు చూస్తే ఒట్టు.

మంచినీళ్ల ఫిల్టరు దగ్గర వాణ్ణి పట్టుకున్నాను.

"అది నా కథ."

"నీ కథ కాదు రేడియో. నీ కథలోంచి ఒక విత్తనం తీసుకున్నా. మీ అమ్మగారు టైలరు కదా, ఇక్కడ పిండిమర. మొత్తం మార్చేశా."

"విత్తనం నాది, చేను నీదా?"

"కోపంలో ఉన్నావు. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు. తర్వాత అనే మాట ఆ స్కూల్లో గాలిలో ఉంటుంది, అందరికీ అంటుకుంటుంది.

మాస్టారి దగ్గరికెళ్లాను. "గది దాటదు అన్నాం కదండీ మాస్టారూ."

"గది దాటిందెక్కడమ్మా?" అన్నారు ఆయన, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి. "ఈ స్కూలంతా ఒక గదే. మనం మనం వాడుకున్నాం. కళాకారుడి దుఃఖం సొంత ఆస్తి కాదు."

ఒళ్లు మండిపోయింది. "అయితే ఆ వేషమైనా నాకిప్పించండి."

"నువ్వు చేస్తే నిజమైపోతుంది తల్లీ. అది నటన కాదు," అన్నారు. వేషం పొడుగమ్మాయికిచ్చారు. ఎక్కడినుంచో వచ్చిన పిల్ల, కెమెరాకి ఆమె బుగ్గ అంటే ప్రాణం. మన మాట మాత్రం ఆమె నోట్లో గులకరాళ్లలా దొర్లేది. ఆ పిల్లని ఏమీ అనను. కథ ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పలేదు. షూటింగు జరిగినన్నాళ్లూ నేను ఆ దరిదాపుల్లోకి పోలేదు.

సినిమా కోసి కూర్చాక, స్కూల్లోనే కొందరికి వేసి చూపించారు. చివరి మాట దగ్గర జనం నవ్వారట. "వంటగదిలో" అన్న మాట పొడుగమ్మాయి నోట్లో ఇంకేదో అయిందట. ఆ సాయంత్రం జేబులు మళ్లీ టీ పట్టుకొచ్చాడు. అందులో ఏముందో ఈసారి నాకు తెలుసు.

"ఆ వేషానికి గొంతు నువ్వివ్వాలి. పేరు వేస్తాం. డిప్లొమాకి అది చాలని మాస్టారు రాసిస్తారు. నువ్వు కాదంటే ఇంకెవరితోనైనా చెప్పిస్తాం, సినిమా ఆగదు కదా."

ఆ ఆఖరి మాటే నన్ను ఆలోచనలో పడేసింది. ఆగదు. నేను లోపల లేకపోతే ఆ మాట అలాగే లోకంలోకి పోతుంది. లోపలుంటే మార్చవచ్చు. "ఒక షరతు," అన్నాను. "చివరి మాట మారాలి. 'నేను మేడ మీదే ఉన్నానమ్మా, నాకేం వినపడలేదు' అని ఉండాలి. ఆ షాట్‌లో ఆ అమ్మాయి వీపు కదా కనపడేది. పెదవులు కలవాల్సిన పని లేదు."

జేబులు కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టాడు. "అది ఇంకా బాగుంటుంది. కూతురు తెలిసీ అబద్ధం చెప్తుంది. అబ్బ, ఇది నాకెందుకు తట్టలేదు," అన్నాడు. అడగ్గానే వరమిచ్చే దేవుణ్ణి అనుమానించాలి. నేను సంతోషపడ్డాను.

నా సంతోషానికి కారణం డిప్లొమా ఒక్కటే కాదు. ప్రదర్శనకి ఇంట్లోవాళ్లని పిలవచ్చు. అమ్మ వస్తుంది. మరైనా మిషనైనా, అమ్మ ఆ కథని పోల్చుకుంటే పోల్చుకోనీ. అప్పుడు నా గొంతే, ఇంత పెద్ద హాల్లో, అమ్మకి చెప్తుంది, నేను మేడ మీదే ఉన్నానని. ఇంట్లో నేనుగా ఆ మాట ఎత్తలేను. ఎత్తితే ఎందుకెత్తావన్న ప్రశ్న వస్తుంది. సినిమాలో అయితే ఎత్తవచ్చు. నా నుంచి అదొక కానుక అనుకున్నాను. దొంగిలించిన సొమ్ముని ఇంటికే తెచ్చి ఇస్తున్నాననుకున్నాను.

డబ్బింగు గది బీరువా అంత ఉంటుంది. గోడలకి స్పాంజి, ముందు మైకు, పక్కన స్టాండు మీద మాటల కాయితం. గాజు అవతల చెవులు కూర్చుంటాడు. సౌండు విద్యార్థి, హెడ్‌ఫోన్స్ తీస్తే ఎవరో గుర్తుపట్టలేం. వాడి వెనక మాస్టారు, జేబులు. హెడ్‌ఫోన్లలో మూడు బీప్‌లు వస్తాయి, నాలుగోది రావలసిన చోట మన మాట మొదలవ్వాలి. ఎదుట చిన్న తెర మీద పొడుగమ్మాయి నోరు తెరుస్తుంది, దానిలోకి నా మాట వెళ్లి కూర్చోవాలి. మాటే కాదు, ఆమె ఎక్కిళ్లు నావి, ఆయాసం నాది, మింగిన గుటక నాది. పనిలో పడ్డాక బాధ మర్చిపోయాను. నాకు వచ్చిన పని అది. బాగా చేశాను.

చివరి షాట్ వచ్చింది. "నేను మేడ మీదే ఉన్నానమ్మా. నాకేం వినపడలేదు." రెండోసారికే కుదిరింది. గాజు అవతల మాస్టారు బొటనవేలు ఎత్తి చూపించారు. తర్వాత మైకులోకి వంగారు.

"చాలా బాగుందమ్మా. పాత మాట కూడా ఒకటిచ్చెయ్యి, సేఫ్టీకి."

సేఫ్టీ అంటే ఏమిటో చెప్పాలి. మా పనిలో ఏదీ ఒక్కసారి తీసి వదలరు. బాగా వచ్చింది అన్నాక కూడా ఇంకొకటి తీసి పక్కన పెడతారు. మొదటిది పాడైతే పనికొస్తుందని. నూటికి తొంభైతొమ్మిదిసార్లు ఆ రెండోది ఎవరూ ముట్టరు. చేరిన నెలలోనే ఆ మాట మా అందరి నోళ్లకీ అలవాటైపోయింది. క్యాంటీనులో రెండో టీ తాగుతూ కూడా సేఫ్టీకి అనేవాళ్లం. ఎవరైనా సేఫ్టీ ఇవ్వనంటే, పని రాదన్నమాట.

"వాడరు కదా?" అన్నాను.

"వాడితే నన్నడుగు," అన్నాడు జేబులు.

లైటు ఎర్రగా వెలిగింది. మూడు బీప్‌లు. హెడ్‌ఫోన్లలో మర చప్పుడు నిండిపోయింది. ఎదుట తెర మీద వేషం కట్టిన తల్లి వంగిన వీపు. ఆ వీపు నాకు తెలుసు. నటనేం లేదు, లెక్కేం లేదు, ఇన్నేళ్లుగా పళ్ల వెనక పట్టుకున్నది దానంతటదే వచ్చింది. నేను మేడ మీద లేనమ్మా. వంటగదిలో ఉన్నాను. నాకు వినపడింది. చెప్పాక ఛాతీలో ఏదో తేలికయింది. ఎవరూ వినని చోట, గోడలకి స్పాంజి వేసిన చోట, అమ్మతో నిజం మాట్లాడాననిపించింది. గాజు అవతల చెవులు హెడ్‌ఫోన్స్ తీసేసి బల్ల మీద పెట్టాడు. మాస్టారు, "చాలమ్మా, ఇంటికెళ్లు," అన్నారు.

ప్రదర్శన రోజు అమ్మ పెట్టె అడుగునుంచి తీసిన మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. హాల్లో కూర్చోగానే తెర వైపు పరీక్షగా చూసి, "ఆ కింది అంచు కుట్టు సరిగ్గా పడలేదే," అంది.

"నీకు ఎక్కడికెళ్లినా అదే గొడవ."

"నువ్వెప్పుడు కనపడతావు?"

"కనపడనమ్మా. వినపడతాను. ఆ పొడుగమ్మాయి నోరు తెరిస్తే నేనే."

అమ్మకి అది సరిగా బోధపడలేదు. మొదటి మాట వినగానే బోధపడింది. నా చెయ్యి పట్టుకుని, "అచ్చం నువ్వేనే," అని గొణిగింది. పక్కసీటావిడ వైపు తిరిగి, మా అమ్మాయి గొంతండీ అని కూడా చెప్పింది. ఆ ఒక్క నిమిషం కోసం రెండేళ్లు రేడియో అనిపించుకున్నా ఫరవాలేదనిపించింది.

మర తిరగడం మొదలైంది. లోపల్నుంచి మగమనిషి పిలిచాడు. తల్లి తల ఎత్తి, మళ్లీ వంచుకుంది. నా చేతి మీద అమ్మ చెయ్యి కదలలేదు. రెండో పిలుపు. మూడోది. అమ్మ ఊపిరి తీస్తోందో లేదో తెలియలేదు. పోల్చుకుందని అర్థమైంది. కొంచెం ఓర్చుకో అమ్మా, నీ మాట వస్తోంది అనుకున్నాను. నిజంగానే నేను అప్పుడు నిబ్బరంగా ఉన్నాను. చివరి షాట్, పొడుగమ్మాయి వీపు, తల్లి వీపు, గాలిలో పిండి.

"నేను మేడ మీద లేనమ్మా," అంది హాలంతా నిండిన నా గొంతు. "వంటగదిలో ఉన్నాను. నాకు వినపడింది."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేది. నా చేతి మీద అలాగే ఉండిపోయింది, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులా. దీపాలు వెలిగాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరూ నిలబడ్డారని అమ్మ కూడా నిలబడింది. తనూ చప్పట్లు కొట్టింది.

జేబులు వేదిక మీద, ఈ కథ నాకు ఈ స్కూలే ఇచ్చింది అన్నాడు. మాస్టారు వాణ్ణి కౌగిలించుకున్నారు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నాను గాని, కోసిన గొంతుకి బహుమతి ఇవ్వడం అక్కడే చూశాను. జేబులు దిగి వస్తుంటే దారికి అడ్డం నిలబడ్డాను.

"సేఫ్టీకన్నావు."

"రెండూ పెట్టి చూశాం. మొదటిది నిలబడలేదు. రెండోది..." అంటూ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నువ్వే విన్నావుగా. నీ మంచికే చేశాం రేడియో. నిన్ను అడుగుతున్నారు, వెళ్లు."

నిజంగానే అడుగుతున్నారు. టీవీ కంపెనీ నుంచి వచ్చినావిడ మా సీట్ల దగ్గరికే వచ్చింది. సీరియల్లో నాయికకి గొంతు కావాలట, సోమవారం రమ్మంది. "ఆ చివరి మాటకి నాకు ఒళ్లు జలదరించిందమ్మా. అంత నిజంగా ఎలా చెప్పగలిగావు?" అంది.

అమ్మే జవాబిచ్చింది.

"ఇక్కడ బాగా నేర్పారండి."

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చాలాదూరం వచ్చాక, "ఆ పిల్లకి నీ గొంతెందుకు పెట్టారు?" అంది.

"ఆ పిల్లకి మన మాట తిరగదమ్మా."

"ఊఁ," అంది. ఇల్లు చేరాక అన్నం వడ్డించింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. ఏదైనా అంటుందేమో, తిడుతుందేమో, కొడుతుందేమో అని నేను కాచుకుని కూర్చున్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నాది చించింది వేరేవాళ్లు, పడింది మాత్రం అమ్మ కాళ్ల మీద. ఆమె అది తుడిచేసుకుని గిన్నెలు కడిగింది.

మర్నాడు పొద్దున నేను వంటగదిలో ఉండగా చెంచా ఒకటి చెయ్యి జారింది. ముందుగదిలో మిషన్ ఆగిపోయింది.

"పిలిచావా?" అంది అమ్మ.

"లేదమ్మా. చెంచా."

మిషన్ మొదలైంది. పక్కింట్లో తలుపు పడింది. మిషన్ ఆగింది. "పిలిచావా?" వీధిలో ఎవరో ఎవర్నో కేకేశారు. నేను దగ్గాను. కుక్కరు కూసింది. ప్రతిదానికీ అమ్మ కాలు ఠక్కున ఆగిపోతుంది, తల ఇటు తిరుగుతుంది. "పిలిచావా?" ఇన్నేళ్లలో ఒక్క అంచు కూడా మధ్యలో ఆపి లేవని మనిషి. ఇప్పుడు జేబు నోరంత కుట్టు కూడా ఒక్క ఊపున సాగడం లేదు. బళ్లు తెరిచే రోజులు. కత్తిరించిన బట్ట అలాగే దొంతరగా పేరుకుంటోంది, బట్టల షాపువాడు రోజూ కబురు పెడుతున్నాడు.

నేను సీరియల్ పనిలో చేరాను. మా మొహాలు ఎవరికీ తెలియవు, గొంతులు ఇంటింటా మోగుతాయి. రోజంతా ఎవరో ఒక అందగత్తె నోట్లోకి దూరి, అమ్మా అని ఏడ్చి వస్తాను. మంచి పేరొచ్చింది. ఏ మాటైనా ఒక్కసారే చెప్తాను, సేఫ్టీ ఇవ్వను. పొగరంటారు. అననీ.

మొన్న సెలవు దొరికింది. నా అలికిడి లేకపోతే అమ్మ కుట్టుకుంటుంది కదా అని, మర్నాటి మాటల కాయితాలు పట్టుకుని, "మేడ మీద చదువుకుంటానమ్మా," అని చెప్పి పైకెళ్లాను. నీడలో కూర్చున్నాను. కింద మిషన్ మొదలైంది. సాగింది. ఆ చప్పుడు వింటుంటే ప్రాణం కుదుటపడి, కాయితంలో తల దూర్చాను.

చప్పుడు ఆగింది. నేనేం చప్పుడు చెయ్యలేదు, ఎవరూ ఎవర్నీ పిలవలేదు. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. నెమ్మదిగా, చప్పుడు కాకుండా ఎక్కుతున్న అడుగులు. అమ్మ చివరి మెట్టు దాకా వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది. మెడలో టేపు వేలాడుతోంది.

"ఏంటమ్మా? ఏమైనా కావాలా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. నేను నిజంగా మేడ మీదే ఉన్నానో లేదో చూసుకుని, కిందికి దిగిపోయింది.